పత్తర్‌గట్టి అత్తరు దుకాణాల్లో

నయాపూల్ దాటి మదీనా కూడలి చేరుకునేసరికి మూసీ వాసన వెనుకబడిపోతుంది. అక్కడి నుండి చార్మినారు దిశగా సాగే రాతి కమానుల బాటే పత్తర్‌గట్టి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిర్మించిన ఈ వరండాల కింద బట్టల దుకాణాలు, ముత్యాల దుకాణాలు, వాటి నడుమ అక్కడక్కడ అత్తరు దుకాణాలు ఉన్నాయి. బోర్డు చదవనవసరం లేదు. నాలుగడుగుల ముందే ముక్కుకు తెలిసిపోతుంది.

మా మదర్సాలో చదువు ముగించుకొని వెళ్ళే విద్యార్థులను ఏటా ఒకసారి ఇక్కడికి తీసుకువస్తాను. మక్కా మసీదులో జుహర్ నమాజు చేసుకుంటాము. పుస్తకాల దుకాణాలు చూస్తాము. ఆ తర్వాత పిల్లల కాళ్ళు వాటంతటవే ఇటు తిరుగుతాయి. ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడం ఎవరికి ఇష్టం? దైవప్రవక్త (స) తమకు ఎవరైనా పరిమళం ఇస్తే నిరాకరించేవారు కాదని హజ్రత్ అనస్ (ర) తెలిపిన విషయం వారికి పాఠంలో వచ్చినదే. కనుక కానుక అనగానే వారికి గుర్తొచ్చేది అత్తరే.

మేము వెళ్ళే దుకాణంలో కూర్చునే పెద్దాయనకు డెబ్బయి ఏళ్ళు దాటి ఉంటాయి. ఆయన ఏ పిల్లవాడికీ వెంటనే అమ్మడు. పుల్లకు చుట్టిన దూదితో కుడి మణికట్టుకు ఒకటి, ఎడమ మణికట్టుకు మరొకటి రాసి, “వెళ్ళి చార్మినారు చుట్టి రా బాబూ, అప్పుడు చెప్పు” అంటాడు. ఇందులో పెద్ద తెలివి ఉంది. సీసా మూత తీయగానే వచ్చే వాసన వేరు, ఒంటి వేడికి అరగంట నిలిచిన తర్వాత మిగిలే వాసన వేరు. కొనవలసినది రెండవదాన్ని చూసి. మూడు నాలుగు రకాలు వాసన చూసేసరికి ముక్కు అలసిపోతుంది. ఆ తర్వాత చూసినవన్నీ ఒకేలా అనిపిస్తాయి. గల్లాపెట్టె దగ్గర తొందరపెట్టే దుకాణదారులు నమ్ముకునేది ఈ అలసటనే అని నా అనుమానం.

తులాల లెక్కన అమ్మే ఈ అత్తర్లలో చాలావాటి పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడి అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు లభించింది. పూలను నీటితో కలిపి రాగి డేగ్‌లో వేసి, మూతను మట్టితో మూసి, కట్టెలతో, పిడకలతో సన్నని మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి చేరి, అందులో ముందే పోసి ఉంచిన చందన తైలంలో ఇంకుతుంది. అదే తైలం మీదికి రోజుల తరబడి కొత్త పూల ఆవిరిని పంపుతూ ఉంటారు. కాల్చిన మట్టిని కూడా ఇదే విధంగా వండి, తొలకరి వాన వాసనను సీసాలోకి దించుతారు. చందన తైలం ధర ఆకాశాన్ని అంటిన తర్వాత దాని స్థానంలో పారఫిన్ నూనె వాడకం పెరిగింది. అది వాడటం నేరం కాదు. దానిని చందనమని చెప్పి అమ్మడం మాత్రం తూకంలో మోసంతో సమానం. మా పెద్దాయన రెండింటినీ రెండు అరల్లో ఉంచి, ఏది ఏదో అడగకముందే చెబుతాడు. మేము ఆ దుకాణాన్ని వదలకపోవడానికి కారణం అదే.

వేసవిలో ఖస్, గులాబీ, మొగలి, మిట్టీ అత్తర్లు చల్లగా ఉంటాయి. హినా, షమామా, అంబర్, ఊద్ శీతకాలానికి తగినవి. మే నెలలో ఊద్ పులుముకొని బస్సెక్కిన వాడి పక్కన కూర్చున్నవారే ఈ సంగతి బాగా చెప్పగలరు.

రాసుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. స్నానం తర్వాత శుభ్రమైన ఒంటిపైనే అత్తరు నిలుస్తుంది. చెమట వాసనను కప్పిపుచ్చడానికి రాస్తే రెండూ చెడతాయి. మణికట్టుకు, చెవుల వెనుక, మెడ పక్కన చిన్న తడి చాలు. గట్టిగా రుద్దవలసిన పని లేదు. అత్తరు నూనె గనుక తెల్లని కుర్తాపై మరక పడుతుంది. పాతతరం వారు దూది పింజను అద్ది చెవి మడతలో ఉంచుకునేది అందుకే. సున్నిత చర్మం గలవారు ముందుగా మోచేతి లోపలి వైపు చుక్క రాసి, ఒక రోజు ఆగడం మంచిది.

జుమా నాడు గుస్ల్, మిస్వాక్‌లతో పాటు పరిమళం కూడా సున్నతే. అయితే ఎంత? మా ఊరి మసీదులో ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దమనిషి ఉన్నారు. ఎప్పుడూ మొదటి వరుసలో ఉండే ఆయన క్రమంగా వెనుకకు, తర్వాత గుమ్మం పక్కకు, చివరకు వసారాలోకి జరిగారు. తర్వాత రెండు జుమాలకు కనిపించలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, ఎవరినీ నిందించకుండా, “పిల్లలు ఇష్టంగా పూసుకుంటారు మౌలానా, నాకే ఊపిరి ఆడదు” అన్నారు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మసీదుకు రావద్దన్న ఆజ్ఞను మనం వాసన చెడ్డదని మాత్రమే అర్థం చేసుకున్నాము. పక్కవాడికి బాధ అన్న కారణాన్ని మరచిపోయాము. పూసుకున్న కాసేపటికే మన ముక్కు ఆ వాసనకు అలవాటుపడి తెలియడం మానేస్తుంది. పోయిందనుకొని మళ్ళీ పూస్తాము. తెలియకపోతే పోయినట్టు కాదని విద్యార్థులకు ఇప్పుడు ప్రతి గురువారం గుర్తుచేస్తున్నాను. భుజానికి భుజం తగిలి నిలబడినవాడికి అందితే చాలు. ఆ పెద్దమనిషి ఇప్పుడు మూడవ వరుస వరకు వచ్చారు.

పెళ్ళిళ్ళలో, పండుగ నాడు కాస్త ఎక్కువైనా చెల్లుతుంది. రోగిని పరామర్శించడానికి వెళ్ళేటప్పుడు అసలు వద్దు. స్త్రీలు ఇంట్లో, స్త్రీల మధ్య ఇష్టమైన పరిమళం వాడుకోవచ్చు; పరపురుషుల మధ్యకు వెళ్ళేటప్పుడు మానుకోవాలి. భర్తను కోల్పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసేవరకు పరిమళానికి దూరంగా ఉంటుంది. ఆ ఇంటికి వెళ్ళే బంధువులు అత్తరు సీసా కానుకగా పట్టుకెళ్ళకుండా ఉంటే మేలు. ఇహ్రాం ధరించిన తర్వాత హాజీలు సువాసన సబ్బు కూడా వాడరాదు. ఉపవాసంలో అత్తరు వాసన చూసినంత మాత్రాన రోజా భంగం కాదు. సాంబ్రాణి పొగను కావాలని లోనికి పీల్చడం మాత్రం వేరు విషయం.

ఈసారి మా వాళ్ళలో ఒకడు, పాలమూరు వైపు నుండి వచ్చిన రైతు బిడ్డ, చార్మినారు రెండు సార్లు చుట్టి వచ్చి మిట్టీ అత్తరే కావాలన్నాడు. నాన్నకట. పావు తులం. పెద్దాయన సీసా నింపుతుండగా ఒక యువకుడు వచ్చి కర్పూరం అడిగాడు. కఫన్ కోసమని చెప్పనక్కర లేకపోయింది. పెద్దాయన మా సీసాను పక్కన పెట్టి, కింది అరలోంచి కర్పూరం తీసి, నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, పాదాలు అంటూ సజ్దాలో నేలను తాకే చోట్లన్నీ తన ఒంటిపైనే చూపించి, అక్కడ రాయమని చెప్పాడు. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత మా సీసాకు మూత బిగించాడు.