పదకొండు లక్షల కారు... నాన్న అడిగిన ఒక్క ప్రశ్న

శనివారం తెల్లవారుజామున అయిదింటికి కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి బయటికొస్తుంటే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. రోజూ నా పాత హ్యాచ్‌బ్యాక్‌ని చూసి కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తే మనిషి. లోపల ఉన్నది నేనే, మారింది కారు మాత్రమే. నిజం చెప్పొద్దూ, ఆ పది సెకన్లు బాగానే అనిపించింది.

కారు నాది కాదు. మా టీమ్ లీడ్‌ది. 2015 మోడల్ జర్మన్ సెడాన్, రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, ఆటోమేటిక్, తిరిగింది 72 వేల కిలోమీటర్లు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే మనకి తెలిసిన ఆ మూడు జర్మన్ కంపెనీల్లో ఏది తీసుకున్నా లెక్క ఇంచుమించు ఇలాగే వస్తుంది. ఆయన కెనడా వెళ్ళిపోతున్నారు. "పదకొండు లక్షలివ్వు చాలు. కావాలంటే రెండు రోజులు నడిపి చూసి చెప్పు" అని తాళం చేతిలో పెట్టారు.

కొత్తగా ఉన్నప్పుడు రోడ్డెక్కేసరికి నలభై లక్షలు దాటిన కారు! ఇప్పుడు ఓ మంచి హ్యాచ్‌బ్యాక్ టాప్ మోడల్ ధర. నా దగ్గర సేవింగ్స్ సరిగ్గా పన్నెండు లక్షలున్నాయి. పైగా నాకో పాత కోరిక ఉంది. నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ డ్రైవర్‌. విజయవాడ-హైదరాబాద్ రోడ్డు మీద ఇలాంటి కార్లు తన బస్సుని దాటుకుని పోవడమే చూశాడు. అలాంటి కారు స్టీరింగ్ ఒక్కసారి ఆయన చేతిలో పెట్టాలి. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి విజయవాడ ఎంచుకున్నాను.

ఇంత చవగ్గా ఎందుకొస్తాయి?

హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఈ కార్లు చాలా ఢిల్లీ నుంచి వచ్చినవే. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత ఆ వ్యవహారం కోర్టులో మళ్ళీ మలుపులు తిరిగిందనుకోండి. కానీ తొమ్మిదో ఏడు వచ్చేసరికి వచ్చినకాడికి అమ్మేయడం అక్కడ అలవాటైపోయింది. మీరు అలాంటి కారు చూస్తుంటే ఎన్ఓసీ, ఇక్కడి రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలుపుకోండి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు మించి ఇక్కడే ఉంచితే నంబరు మార్చుకోవాల్సిందే. నేను చూసింది హైదరాబాద్ బండే కాబట్టి ఆ తలనొప్పి లేదు.

తొమ్మిదో నంబరు హైవే

ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే ఎన్‌హెచ్ 65. పుణె నుంచి మచిలీపట్నం దాకా వెళ్ళే రోడ్డు. నాన్న ఇప్పటికీ దాన్ని పాత పేరుతో 'నైన్' అనే అంటాడు. పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్ బీప్ అంది. నా హ్యాచ్‌బ్యాక్‌కి ఎంత కట్ అవుతుందో దీనికీ అంతే. ఈ కారుకి సామాన్యుడి రేటు పడే చోటు అదొక్కటేనని తర్వాత అర్థమైంది.

నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగాను. మూసీ వంతెన దాటేటప్పటికి బాగా ఎండొచ్చేసింది. వంద స్పీడులో కూడా లోపల ఎంత నిశ్శబ్దమంటే, ఇండికేటర్ టిక్కుటిక్కు వినిపిస్తోంది. సూర్యాపేట ఎప్పుడొచ్చిందో తెలీలేదు. కోదాడలో బంకు దగ్గర ఆపాను. ఆంధ్రాలో డీజిల్ రేటు కాస్త ఎక్కువ కాబట్టి గరికపాడు చెక్‌పోస్టు దాటకముందే ఇక్కడ ట్యాంకు నింపుకోవడం చాలామందికి అలవాటు.

ముందురోజు రాత్రి కొండాపూర్‌లో ఫుల్ ట్యాంక్ చేయించాను. అక్కడి నుంచి 215 కిలోమీటర్లు. మళ్ళీ ఫుల్ అవడానికి పట్టింది 12.8 లీటర్లు. అంటే లీటరుకి 16.8. కారు స్క్రీన్ మాత్రం 18.1 అని గొప్పలు పోతోంది. బిల్లు సుమారు 1,230 రూపాయలు. నా హ్యాచ్‌బ్యాక్ అయితే ఇదే దూరానికి పెట్రోల్ 1,350 దాటేది.

పెద్ద కారు, తక్కువ ఖర్చు! కోదాడ నుంచి నందిగామ దాకా నేను మనసులో ఆ కారు కొనేశాను. నంబర్ ప్లేట్ ముందు ఫొటో కూడా దిగేశాను.

సీపీకే ఎంత?

ఇంద్రకీలాద్రి పక్కన దుర్గగుడి ఫ్లైఓవర్ మీంచి కృష్ణని, బ్యారేజీని చూసుకుంటూ పటమటలో ఇంటికి చేరేసరికి పదిన్నర. నాన్న గేటు తీసుకుని వచ్చాడు. వెంటనే లోపలికి ఎక్కలేదు. కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి, ఒక్కో టైరునీ మడమతో తన్ని చూశాడు.

"కేఎంపీఎల్ ఎంతిచ్చింది?"

ఆర్టీసీ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట తెలుసు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది. బస్సు ఇచ్చేదే అయిదు చుట్టూ ఉంటుంది. అందులో ఒక పాయింటు పెంచి చూపించిన డ్రైవర్‌కి డిపోలో గౌరవం. నాన్నకొచ్చిన కేఎంపీఎల్ సర్టిఫికెట్ మా హాల్లో ఇప్పటికీ ఫ్రేములో ఉంది.

"16.8 నాన్నా. ట్యాంక్ టు ట్యాంక్."

"బానే ఉంది. సీపీకే?"

నా దగ్గర జవాబు లేదు. సీపీకే అంటే కాస్ట్ పర్ కిలోమీటర్. డీజిల్, టైర్లు, స్పేర్లు, జీతాలు అన్నీ కలిపి బస్సు ఒక్క కిలోమీటర్ తిరగడానికి అయ్యే మొత్తం ఖర్చు. "కేఎంపీఎల్ డ్రైవర్ చూసుకునేదిరా. బండి పెట్టుకున్నోడు చూసుకోవాల్సింది సీపీకే" అన్నాడు నాన్న.

ఆటోనగర్‌లో పోస్టుమార్టం

మధ్యాహ్నం ఆటోనగర్ తీసుకెళ్ళాడు. విజయవాడ ఆటోనగర్ చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఇంకో వీధి కమాన్ కట్టలవాళ్ళు, లేత్ మిషన్లు, రేడియేటర్లు, పాత టైర్లకి రబ్బరు వేసేవాళ్ళు. గాల్లో వెల్డింగ్ వాసన. ఆ లారీల మధ్య మా తెల్ల సెడాన్ పెళ్ళికొచ్చి దారి తప్పిన మనిషిలా ఉంది.

నాన్న స్నేహితుడు ఒకాయనకి అక్కడ షెడ్డుంది. నేను బాబాయ్ అంటాను. ఆయనవి లారీలే గానీ, పక్క వీధిలో జర్మన్ కార్లు చేసే కుర్రాణ్ని స్కానర్‌తో సహా పిలిపించాడు. బండిని గుంట మీద నిలబెట్టి ముగ్గురూ కింద నుంచి చూశారు. కారు ఆరోగ్యంగానే ఉంది. కాకపోతే వయసుకి తగ్గ పనులున్నాయి. వెనక టైర్లు అయిపోవస్తున్నాయి, బ్రేక్ ప్యాడ్లు ఇంకో అయిదారు వేల కిలోమీటర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు పగుళ్ళిస్తున్నాయి.

బాబాయ్‌ని అన్నిటికన్నా కంగారు పెట్టింది డిక్కీ. "స్టెప్నీ ఏదిరా?"

లేదు. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా పక్కగోడల బలం మీద, ఎనభై మించని స్పీడులో, దాదాపు ఎనభై కిలోమీటర్లు వెళ్ళిపోవచ్చు. సౌకర్యమే. కానీ గాలి లేకుండా నడిపాక ఆ టైరు చాలాసార్లు మార్చాల్సిందే. నాకు ఒక్కోదానికి ఇరవై వేలు చెప్పారు.

ఇంకో విషయం ఆ కుర్రాడు చెప్పాడు. "అన్నా, మీ ఆఫీసు ఎంత దూరం?" తొమ్మిది కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు. "ఈ ఇంజిన్ హైవేకి పుట్టింది. రోజూ తొమ్మిది కిలోమీటర్లు పాకిస్తే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది." 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లయితే ఇంకా జాగ్రత్త. వాటి డీపీఎఫ్ ఫిల్టర్ తనలోని మసిని తానే కాల్చుకోవాలంటే అప్పుడప్పుడూ ఆగకుండా హైవే పరుగు కావాలి. మన గచ్చిబౌలి జంక్షన్‌లో అది జరిగే పని కాదు.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో లెక్క కట్టాను. నేను ఏడాదికి తిరిగేది పదివేల కిలోమీటర్లు. సిటీలో ఏడు వేలు, లీటరుకి పదిన్నర చొప్పున. హైవే మీద మూడు వేలు.

• డీజిల్: 81,000
• ఇన్సూరెన్స్: 32,000 (ఇందులో థర్డ్ పార్టీకే 7,897, పైన జీఎస్టీ)
• ఆయిల్, ఫిల్టర్లు, మామూలు సర్వీస్, బయటి గ్యారేజీలో: 25,000
• టైర్లు (నాలుగూ 80 వేలు, 35 వేల కిలోమీటర్లకి ఒకసారి): 23,000
• బ్రేకులు: 12,000
• బ్యాటరీ (30 వేలు, అయిదేళ్ళకి): 6,000
• సస్పెన్షన్, గేర్‌బాక్స్ ఆయిల్, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద రిపేరు కోసం పక్కన పెట్టాల్సింది: 60,000

మొత్తం 2,39,000. అంటే నెలకి ఇరవై వేలు. కిలోమీటర్‌కి దాదాపు 24 రూపాయలు.

"ఇప్పుడు పదకొండుకి కొంటే నాలుగేళ్ళ తర్వాత ఎంతకి పోతుంది?" నాన్న వదల్లేదు. ఆరు లక్షలనుకుందాం. ఏడాదికి లక్షా పాతిక వేలు అరుగుదల. కలిపితే కిలోమీటర్‌కి 36 రూపాయలు పైనే. అందులో డీజిల్ వాటా ఎనిమిది రూపాయలు.

అంటే కోదాడలో నన్ను పిచ్చెక్కించిన మైలేజీ మొత్తం ఖర్చులో పావు వంతు కూడా కాదు. నా హ్యాచ్‌బ్యాక్ పెట్రోల్ ఖర్చు సిటీ, హైవే కలిపి కిలోమీటర్‌కి ఏడున్నర చుట్టూ ఉంటుంది. ఇంధనంలో రెండు కార్లూ దాదాపు సమానమే. తేడా అంతా బిల్లు రానంతకాలం కనిపించని చోట ఉంది.

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి ఒక్క మాటన్నాడు. "పదేళ్ళకి కారు రేటు పడిపోద్ది గానీ, దాని బోల్టు రేటు పడిపోదు కదరా." ఈ వ్యాసంలో మీరు స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే. కొనే ధర సెకండ్ హ్యాండ్‌ది. పెట్టే ఖర్చు మాత్రం ఇప్పటికీ నలభై లక్షల కారుది.

నాన్న స్టీరింగ్ పట్టుకున్నాక

ఆదివారం అమ్మానాన్నలని ఎక్కించుకుని బయల్దేరాను. అమ్మకి హైదరాబాద్‌లో కళ్ళు చూపించాలి. ఇబ్రహీంపట్నం దాటాక పక్కకి ఆపి, "నాన్నా, నువ్వు నడుపు" అన్నాను. ఆయన సీటు సర్దుకుని, అద్దాలు సర్దుకుని, అలవాటు కొద్దీ గేరు రాడ్ కోసం ఎడం చెయ్యి చాపి నవ్వేశాడు. సూర్యాపేట దాకా ఆయనే నడిపాడు. బ్రేక్ తొక్కిందే తక్కువ. ముందున్న లారీ ఏం చేస్తుందో అర కిలోమీటర్ ముందే ఆయన కాలికి తెలిసిపోతుంది. స్క్రీన్ మీద 20.3 చూసి నేనే ఆశ్చర్యపోయాను.

అమ్మ మాత్రం సూర్యాపేటలో దిగడానికి నా చెయ్యి పట్టుకుంది. "కూర్చుంటే సోఫాలా ఉందిరా. లేవడమే నా మోకాళ్ళ వల్ల కావట్లేదు." సీటు అంత కింద ఉంటుంది మరి. ఆ ఖర్చు నా లిస్టులో లేదు.

సోమవారం కారు తిరిగిచ్చేస్తూ టీమ్ లీడ్‌ని మూడు నెలల టైమ్ అడిగాను. ఆయన రెండు నెలలే ఆగగలనన్నారు. సరేనని ఒక కొత్త అకౌంట్ తెరిచి, కారు ఉన్నట్టే అనుకుని నెలకి ఇరవై వేలు వేయడం మొదలుపెట్టాను. మొదటి నెల వేశాను. రెండో నెల అమ్మ కంటి ఆపరేషన్, ఇంటి అడ్వాన్స్ పెంపు ఒకేసారి వచ్చాయి. ఆ నెల వేయలేకపోయాను. కారుంటే, సరిగ్గా ఆ నెలలోనే బ్రేకులు మార్చాల్సి వచ్చేది.

మీరూ ఇలాంటి కారు మీద మనసు పడితే ఈ పరీక్ష పెట్టుకోండి. ఆరు నెలలు వరసగా ఆ డబ్బు పక్కన పెట్టగలిగితే, హైవే మీద తిరిగే పని నిజంగా ఉంటే, నిశ్చింతగా కొనుక్కోండి. అది గొప్ప కారు, నేను నడిపాను కాబట్టి చెబుతున్నా. పెట్టలేకపోతే మీకు జవాబు ఖర్చు లేకుండానే దొరికినట్టు.

మొన్న నాన్న ఫోన్ చేసి అడిగాడు, "ఆ బండి ఏమైందిరా?"

"ఎవరో కొనుక్కున్నారు నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మంచి బండి. నా చేతిలో ఇరవై ఇచ్చింది" అన్నాడు.