మళ్ళీ రాయయ్యే సున్నం

పదార్థాల మార్పుల గురించి బడిలో ఒక గుర్తు నూరిపోస్తారు. వెనక్కి తిప్పగలిగితే భౌతిక మార్పు, తిప్పలేకపోతే రసాయన మార్పు. మంచు కరిగి నీరవుతుంది, నీరు మళ్ళీ గడ్డకడుతుంది కనుక అది భౌతికం. కట్టె కాలి బూడిదయితే ఇక కట్టె కాదు కనుక అది రసాయనికం. పరీక్ష గట్టెక్కడానికి ఇది సరిపోతుంది. కానీ ఈ గుర్తు సున్నం దగ్గర నిలవదు. అందుకే పిల్లలకు ఈ పాఠాన్ని సున్నంతోనే మొదలుపెట్టి చెప్పాలంటాను.

పల్నాడులో పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరు. గనిలో తీసిన రాయిని ముందు ముక్కలు కొడతారు. ఇది భౌతిక మార్పే, రాయి చిన్నదయిందే గానీ రాయిగానే ఉంది. అయినా ఆ ముక్కల్ని తిరిగి ఒక బండగా అతికించడం ఎవరి తరం? బడిలో చెప్పిన గుర్తు ఇక్కడే ఒకసారి తప్పింది. ఆ ముక్కల్ని బట్టీలో పేర్చి కాలుస్తారు. వేడి 900 డిగ్రీల దరిదాపుకు చేరాక రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలే. రంగు తెలుపే, ముక్క ముక్కలాగే కనిపిస్తుంది, చేతిలోకి తీసుకుంటే గానీ తేలికయిన సంగతి తెలియదు. నిప్పు రాయిలోకి దూరడం వల్లే సున్నానికి మండించే గుణం వస్తుందని ఒకప్పుడు పండితులు నమ్మేవారు. స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ ఓపికగా తూకాలు వేసి, 1756లో అచ్చయిన తన పరిశోధనలో అసలు సంగతి చెప్పాడు. రాయిలోకి వచ్చి చేరిందేమీ లేదు, రాయిలోంచి ఒక గాలి పోయింది. నాకు రసాయనశాస్త్రంలో ఇంతకంటే ఇష్టమైన ప్రయోగం లేదు.

కాలిన ముక్కల్ని నీళ్ళలో వేస్తే జరిగేది పక్కన నిలబడి చూడాలి, అదీ కాస్త దూరంగా. కొన్ని క్షణాలు ఏమీ ఉండదు. తర్వాత ముక్క చిటచిటమని పగుళ్ళిస్తుంది, ఉబ్బుతుంది, విచ్చుకుంటుంది. కింద పొయ్యి లేకుండానే తొట్టిలో నీళ్ళు కుతకుతలాడతాయి, ఆవిరి కమ్ముకుంటుంది. పిల్లల్ని పెద్దవాళ్ళు అటు రానివ్వకపోవడం న్యాయమే, చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. రాయి తెలుపు, కాలిన సున్నం తెలుపు, తడిసున్నం తెలుపు. కంటికి మూడూ ఒకటే. నీళ్ళు తగిలితే ఏం చేస్తాయన్న దగ్గరే వాటి గుణాలు బయటపడతాయి.

ఇక గోడ మీదికి వద్దాం. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు, కుంచె తీసిన చోట మొదట తెలుపే కనిపించదు, పాత గోడ రంగు తొంగిచూస్తూనే ఉంటుంది. మేస్త్రీని తిట్టబోయి ఆగిన ఇల్లాళ్ళు ఎందరో! తడి ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. ఆరడం భౌతిక మార్పు, నీరు ఆవిరై పోయిందంతే. ఆ తర్వాత చప్పుడు లేకుండా రెండోది సాగుతుంది. గాలిలో నూటికి 0.04 వంతు మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను గోడ కొంచెం కొంచెంగా లాక్కుంటుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని అలా తిరిగి తెచ్చుకుని, సున్నం మళ్ళీ సున్నపురాయి అవుతుంది. కాల్చడం, నీళ్ళు పోయడం, గట్టిపడడం మూడూ రసాయన మార్పులే, అయినా చివరికి మొదటి పదార్థమే వచ్చింది. కనుక చూడాల్సింది వెనక్కి వస్తుందా లేదా అని కాదు, కొత్త పదార్థం పుట్టిందా లేదా అని.

పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి, పెళ్ళిళ్ళలో దిష్టి తీసేది వాటితోనే. అందులో కాస్త చింతపండు పులుసు పిండి చూడండి, మళ్ళీ పసుపుపచ్చే. ఇదీ రసాయన మార్పే, ఇదీ వెనక్కి వచ్చేదే. ప్రయోగశాల లేని బడిలో కూడా ఏ టీచరైనా దీన్ని చేసి చూపించవచ్చు.

మళ్ళీ గోడ దగ్గరికి వస్తే, మందపాటి గోడల్లో, గాలి అంతగా చొరని లోపలి పొరల్లో, సున్నం రాయి అవడం ఏళ్ళ తరబడి సాగుతుంది. సన్నని పగులు పడితే వాననీరు గట్టిపడని సున్నాన్ని కొంత కరిగించి ఆ పగుల్లోకి తెస్తుంది, అక్కడ గాలి తగిలి అది పూడుకుంటుంది. 1591 నాటి చార్మినార్ కట్టింది సున్నంతోనే. ఇలాంటి గోడలకు సిమెంటు పూయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, కొన్నాళ్ళకు పూత పెచ్చులూడి పాత గోడను కూడా వెంట తెస్తుంది. తాతలనాటి మిద్దె ఉన్నవాళ్ళు మరమ్మతుకు మేస్త్రీని పిలిస్తే, కూలి ఎంతని అడిగే ముందు సున్నం పని వచ్చా అని అడగాలి.