క్షుద్ర నవల అంటే ఎందుకు గిట్టదు?

తెలుగు నవలా ప్రక్రియల్లో ఎంత ఆదరణ పొందిందో అంత అయిష్టాన్నీ మూటగట్టుకున్నది క్షుద్ర నవల. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చాక, 1980 దశకంలో చేతబడి, బాణామతి కథలు పత్రికలను ముంచెత్తాయి.

ఈ అయిష్టానికి భయం కారణం కాదు. భయపడటం కోసమే చాలామంది వాటిని చదివారు. అసలు అభ్యంతరం నమ్మకం దగ్గరే. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో నిజంగానే జరిగాయి. అలాంటి చోట మంత్రం పనిచేస్తుందని కథ ఒప్పించడం హేతువాదులకు మింగుడుపడలేదు. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం’పై ఘాటైన విమర్శ రాశారు. ‘తులసిదళం’లో మంత్రంతో పాటు వైద్యం, హిప్నాటిజం కూడా నడుస్తాయి గనుక రచయిత ఏ పక్షమూ వహించలేదన్నది అభిమానుల వాదన. చదివినవాళ్ల మనసులో మిగిలేది మాత్రం మాంత్రికుడే.

రెండో ఫిర్యాదు శిల్పం మీద: వారంవారం ఉత్కంఠ కోసం పాత్రలను బలిపెట్టడం. అనుకర్తలు యండమూరి కథనంలోని బిగువును వదిలేసి శ్మశానాన్ని మాత్రం పట్టుకున్నారు. ఈ ప్రక్రియకు ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది వాళ్లే.