గడచిన గాలివాన గుర్తు

తంజావూరు తీరాన మనోరా బురుజు చెంత నిలబడి చూస్తే, పాక్ అఖాతం చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. అలలు ఒడ్డుకు చేర్చిన రిబ్బనుల వంటి ఆకులను చాలామంది నాచు అనుకుంటారు. నిజానికి అది వేళ్ళూ పూలూ గింజలూ గల సముద్రపు గడ్డి; డుగాంగ్ అనే సముద్రపు ఆవుకు ప్రాణాధారం. ఆ జీవుల కోసమే తమిళనాడు ప్రభుత్వం 2022లో ఇక్కడ 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ క్షేత్రాన్ని ప్రకటించింది.

2018 నవంబరులో ఈ తీరం మీద ‘గజ’ తుఫాను విరుచుకుపడింది. అంతటి గాలివాన గడ్డిని పెకలిస్తుంది, ఇసుకలో పూడుస్తుంది, నీటిని బురదచేసి వెలుగును అడ్డుకుంటుంది. అటుపిమ్మట ఖాళీ అయిన నేలను ముందుగా ఆక్రమించేది హాలోఫిలా వంటి చిరుగడ్డి. దాని కాండంలో ఆహారపు నిల్వ స్వల్పం. నీరు మళ్ళీ మురికిబారితే కొద్ది వారాలకే నశిస్తుంది. ఎన్‌హాలస్ వంటి పెద్ద గడ్డి తన నిల్వలతో నెలల తరబడి ఓర్చుకోగలదు. కాని ఒకసారి పోతే తిరిగి విస్తరించడానికి ఏళ్ళు పడుతుంది.

రాబోయే కష్టానికి ఈ పచ్చిక ఎంతవరకు తట్టుకోగలదో చాలావరకు గడచిన తుఫానే నిర్ణయిస్తుంది. అందుకే కోలుకునే ఆ కాలంలో అడుగును గీరే వలలకు దానిని దూరంగా ఉంచాలి. పచ్చబడటం వేరు, వేరు బలపడటం వేరు.