మెట్ల బ్రిడ్జి ఒక్కటే వద్దు, ర్యాంపు అడగండి

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. హైవే పక్కన ఊరున్న అందరికీ పనికొచ్చే విషయం.

మా ఊరు 16వ నంబరు జాతీయ రహదారికి ఒక పక్క, సగం పొలాలు రెండో పక్క. రెండు లైన్లప్పుడు అటూ ఇటూ చూసి దాటేవాళ్లం. నాలుగు లైన్లయ్యాక డివైడర్ వచ్చింది. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల. అంటే ఎదురుగా కనపడే చేలోకి పోవడానికి నాలుగు కిలోమీటర్లు. పాలక్యాన్లు కట్టుకుని సైకిల్ మీద పోయేవాడు అంత దూరం తిరుగుతాడా? కంచె వంచిన సందులోంచి దాటుతాడు. పోయిన ఏడు మినుము పీకే రోజుల్లో మా బాబాయి వరసాయన ఆ సందు దగ్గరే లారీ కింద పడి పోయాడు. ఆ తర్వాతే కొలతలు తీసే మనుషులొచ్చారు.

ఇప్పుడు ఇనుప నడక వంతెన వేస్తామంటున్నారు. సంతోషమే. కానీ డ్రాయింగులో రెండు పక్కలా మెట్లే ఉన్నాయి.

చిన్న లెక్క చూడండి. లారీలు తగలకుండా వంతెన అడుగుభాగం రోడ్డుకి 5.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. దూలం మందం కలిపితే మనం నడిచేది సుమారు 6.5 మీటర్ల ఎత్తున. మెట్టు 15 సెంటీమీటర్లయితే 43 మెట్లు ఎక్కాలి, 43 దిగాలి. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని, మోకాళ్ల నొప్పులతో మన ఆడవాళ్లు ఎక్కుతారా? మళ్లీ ఆ సందే దిక్కవుతుంది.

అదే ర్యాంపయితే, 12 మీటర్లకి ఒక మీటరు లేచే వాలుకి 78 మీటర్ల పొడవు కావాలి. సైకిల్ తొక్కుకుంటూ పోవాలంటే 20కి ఒకటి, అంటే 130 మీటర్లు. అంత జాగా లేకపోతే మడతలు తిప్పి కట్టొచ్చు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ దగ్గర 2012లో సైకిళ్ల కోసం గుండ్రటి ఇనుప వంతెన తెరిచారు. సైకిల్‌వాళ్లకి ఎక్కుడు తగ్గాలని కింద కార్ల రోడ్డునే లోతుకి దించారు. మనకి అంత అక్కర్లేదు, ర్యాంపు చాలు.

ఇనుమే ఎందుకంటారా? కాంక్రీటయితే నడిరోడ్డు మీద సెంట్రింగు పెట్టి రోజుల తరబడి ఉంచాలి. ఇనుపదైతే షెడ్డులో తయారుచేసి, ట్రైలర్ మీద తెచ్చి, రాత్రిపూట కొన్ని గంటలు ట్రాఫిక్ ఆపి క్రేన్‌తో ఎత్తి బోల్టులు బిగిస్తారు. కాకపోతే తుప్పు. రంగు ఎవరు వేయిస్తారో ముందే రాయించుకోవాలి.

ఇంకోటి, పశువులు వంతెన ఎక్కవు. రోడ్డు కట్ట మీద ఎత్తుగా ఉన్నచోట అండర్‌పాసే అడగండి. మనిషికి, గొడ్డుకి మూడు మీటర్ల ఎత్తు చాలు. వాననీళ్లు పోయే దారి మాత్రం తప్పనిసరి.

మీ ఊళ్లో కూడా కొలతల వాళ్లొస్తే ఊరుకోకండి. ఉదయం అయిదు నుంచి ఎనిమిది దాకా ఎంతమంది దాటుతున్నారు, ఎన్ని సైకిళ్లు, ఎన్ని గొడ్లు అని వారం రోజులు లెక్క రాయండి. ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం చేయించి పంపండి. పునాది తీశాక అడిగితే ఎవరూ వినరు. మా ఊరి తీర్మానం వచ్చే గ్రామసభలో పెడుతున్నాం. మనవాళ్లందరూ వచ్చి సంతకం పెట్టండి.