ఆటలు ముగిశాక నగరానికి మిగిలేదేమిటి?

రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం వంటి వ్యాధుల గురించి ముచ్చటించుకునే ఈ పుటలలో క్రీడోత్సవాల ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. కారణం చెబుతాను. 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం అహ్మదాబాదుకు దక్కింది. 2036 ఒలింపిక్ క్రీడలను కూడా మన దేశానికి రప్పించాలనే ప్రయత్నం సాగుతున్నది. ఈ వార్తలపై ఉదయపు నడకలో చర్చ జరుగుతుండగా, మా జహీరాబాదులో నాతో కలిసి నడిచే ఒక యువ ఉపాధ్యాయుడు, "డాక్టర్ సాబ్, మన హైదరాబాదుకు ఇసుంటి పెద్ద ఆటలు ఎన్నడొస్తయి?" అని అడిగాడు. "వచ్చి పోయినయి గదా, ఒక్కసారి గాదు" అన్నాను. అతడు నమ్మలేదు. నమ్మకపోవడంలో వింత లేదు. ఆ ఆటలు జరిగిన నాటికి అతడు పలక పట్టుకొని తిరిగే పిల్లవాడు.

ఒక నగరం ప్రపంచాన్ని పిలిచి ఆటలాడించిన సంగతి, రెండు దశాబ్దాలు గడిచేసరికి, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికే తెలియకుండా పోయింది. అటువంటప్పుడు ఆ ఉత్సవం వలన ప్రజలకు మిగిలినదేమిటి? పతకాల పట్టికలో దీనికి జవాబు దొరకదు. ప్రజల ఊపిరితిత్తులలో, గుండెలలో, కాళ్ళలో వెదకాలి. అందుకే ఒక వైద్యుడు ఈ విషయం మీద కలం పట్టవలసి వచ్చింది.

హైదరాబాదు ఇచ్చిన ఆతిథ్యం

2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలకు అప్పటి ఆంధ్రప్రదేశ్ వేదికైంది. వాటికోసం గచ్చిబౌలిలో నిర్మించిన క్రీడాప్రాంగణానికి, అదే సంవత్సరం హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. మరుసటి ఏడాది, 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు, మొట్టమొదటి ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదులో జరిగాయి. ఎన్నో ఏళ్ళు వాయిదాలు పడిన ఆలోచన అది. తొలుత వేదికగా అనుకున్న ఢిల్లీని దాటి చివరకు మన నగరానికి వచ్చింది. రెండు ఖండాల నుండి 96 దేశాలు, రెండు వేలకు పైగా క్రీడాకారులు, 8 క్రీడాంశాలు. 25 స్వర్ణాలతో చైనా ప్రథమ స్థానంలోను, 19 స్వర్ణాలతో భారతదేశం ద్వితీయ స్థానంలోను నిలిచాయి. అప్పటికి పదహారేళ్ళ బాలిక అయిన సానియా మీర్జా తన సొంత నగరంలో నాలుగు స్వర్ణాలు గెలుచుకున్నది. తరువాతి క్రీడలు అల్జీర్స్‌లో జరగవలసి ఉండగా జరగనే లేదు. కనుక ఆఫ్రో-ఆసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చిన నగరం ప్రపంచంలో హైదరాబాదు ఒక్కటే.

ఆ తరువాత 2007 అక్టోబరులో నాల్గవ ప్రపంచ సైనిక క్రీడలు వచ్చాయి. అంతకు ముందు మూడు పర్యాయాలూ ఐరోపాలోనే జరిగిన ఆ క్రీడలు ఆ ఖండం దాటి రావడం అదే ప్రథమం. వందకు పైగా దేశాల సైనికులు వాటిలో పాల్గొన్నారు.

ఆఫ్రో-ఆసియా క్రీడల నాటి ఒక సాయంత్రం నేను గచ్చిబౌలికి వెళ్ళాను. మా జహీరాబాదు నుండి ముంబై రహదారి మీద వచ్చి, పటాన్‌చెరు, లింగంపల్లి దాటితే, నగరం నడిబొడ్డుకు చేరకముందే ఆ ప్రాంగణం ఎదురవుతుంది. చుట్టూ బండరాళ్ళు, ఖాళీ నేలలు. నడుమ దీపాల వెలుగులో ఎర్రని పరుగుబాట. ఆఫ్రికా యువకుల పరుగు చూస్తూ, మానవ హృదయం ఎంత గొప్ప యంత్రమో కదా అనుకున్నాను. ఆ ప్రాంగణంతో నాకు ముందుముందు వేరొక బంధం ఏర్పడుతుందని ఊహించలేదు.

క్రీడాకారుల గదులలో ప్రాణవాయువు

2020 ఏప్రిల్‌లో కోవిడ్ విజృంభిస్తున్న వేళ, గచ్చిబౌలి ప్రాంగణంలో క్రీడాకారుల వసతికై నిర్మించిన బహుళ అంతస్తుల భవనాన్ని ప్రభుత్వం కొద్ది వారాలలోనే 1,500 పడకల ఆసుపత్రిగా మార్చింది. 'టిమ్స్' అన్న పేరుతో అది అందరికీ తెలిసింది. మరుసటి ఏడాది రెండవ ఉద్ధృతిలో, రక్తంలో ప్రాణవాయువు శాతం పడిపోతున్న రోగులను పెద్ద ఆసుపత్రులకు పంపవలసి వచ్చినప్పుడు, మా ప్రాంతం నుండి కొందరు ఆ భవనానికే చేరారు. వారిలో ఒకరు చెరకు రైతు. కోలుకొని తిరిగివచ్చాక నన్ను చూడవచ్చి, "అది ఆటలాడెటోళ్ల కోసం కట్టిన బంగ్లా అట గద సార్" అన్నాడు. అతడు జీవితంలో ఏ ఆటల పోటీకీ వెళ్ళినవాడు కాడు. అయినా ఆ క్రీడల ఫలం అతనికి ముట్టింది.

ఆ భవనం కట్టినవారు ఆసుపత్రి కోసం కట్టలేదు, నిజమే. కాని అది ప్రజల ఆస్తిగా మిగిలి ఉండబట్టే ఆపత్కాలంలో ప్రజలకు అక్కరకు వచ్చింది. నాకు తోచిన మొదటి పాఠం ఇదే: ఆటలకోసం సేకరించిన నేల, కట్టిన కట్టడం ప్రజల చేతిలోనే ఉండాలి.

ఇతర నగరాల అనుభవం

1964 ఒలింపిక్ క్రీడలు టోక్యో నగరం రూపురేఖలను మార్చాయి. క్రీడలకు తొమ్మిది రోజుల ముందు అతివేగపు రైలు మొదలైంది. మురుగునీటి పారుదలపై, పారిశుద్ధ్యంపై నగరం శ్రద్ధ పెట్టింది. ఒక వైద్యునిగా నన్ను ఆకర్షించిన అంశం మరొకటి. క్రీడలు ఆరంభమైన అక్టోబరు 10వ తేదీని జపాను ప్రభుత్వం 1966 నుండి ఆరోగ్య, క్రీడా దినంగా సెలవు దినం చేసింది. తేదీ, పేరు కొంత మారినా ఆ సెలవు నేటికీ ఉన్నది.

మాంట్రియాల్ కథ వేరు. 1976 క్రీడల కోసం చేసిన అప్పు తీర్చడానికి ఆ నగరానికి 2006 వరకు, అనగా ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ ధనంలో కొంత పొగాకుపై వేసిన ప్రత్యేక పన్ను ద్వారా సమకూరింది. ఆరోగ్యానికి చిహ్నమైన ఉత్సవపు ఋణం సిగరెట్లు కాల్చేవారి జేబులోనుండి తీరడం చరిత్రలో ఒక విడ్డూరం.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. 1996లో అట్లాంటా నగరం క్రీడల రోజులలో సొంత కార్లను తగ్గించి, బస్సులు, రైళ్ళు పెంచింది. ఉదయపు రద్దీ సుమారు 22 శాతం తగ్గింది. పేద కుటుంబాల పిల్లల ప్రభుత్వ బీమా లెక్కలు పరిశీలించగా, ఉబ్బసంతో అత్యవసర చికిత్సకు వచ్చేవారి సంఖ్య దాదాపు 42 శాతం తగ్గినట్లు తేలింది. ఆ రోజులలో చుట్టుపక్కల ప్రాంతాలలో కూడా ఓజోన్ తగ్గిందనీ, వాతావరణపు పాత్రను విస్మరించరాదనీ తరువాతి పరిశోధకులు హెచ్చరించారు. 2008లో బీజింగ్ నగరం కర్మాగారాలను, వాహనాలను కట్టడి చేసింది. ఎనిమిదవ నెల గర్భం ఆ క్రీడల కాలంలో గడిచిన తల్లులకు పుట్టిన శిశువులు, అంతకు ముందు ఏడాది, తరువాతి ఏడాది అదే కాలంలో ఉన్న శిశువులకంటే సగటున 23 గ్రాములు ఎక్కువ బరువు తూగారు. ఇరవై మూడు గ్రాములు స్వల్పమే కావచ్చు. కాని తల్లి పీల్చే గాలి గర్భస్థ శిశువును సైతం తాకుతుందని గ్రహించడానికి అది చాలు. అతిథుల కోసం కొద్ది వారాలు శుభ్రపరచగలిగిన గాలిని సొంత బిడ్డల కోసం ఏడాది పొడవునా ఎందుకు శుభ్రంగా ఉంచుకోలేము?

ఒక వైద్యుడు ఆరంభించిన ఆటలు

1948 జూలై 29న లండన్‌లో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యాయి. అదే రోజున ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో లుడ్విగ్ గుట్మన్ అనే నాడీ వైద్యుడు, వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలకు పరిమితమైన 16 మందితో విలువిద్య పోటీ నిర్వహించాడు. యుద్ధంలో గాయపడి నిరాశకు లోనైన సైనికులకు క్రీడ కూడా చికిత్సే అని ఆయన విశ్వాసం. ఆ చిన్న పోటీయే పెరిగి 1960లో రోము నగరంలో 23 దేశాలకు చెందిన 400 మంది పాల్గొన్న క్రీడలుగా, క్రమంగా నేటి పారాలింపిక్స్‌గా రూపొందింది. 2024లో పారిస్‌లో వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తి, మేధోవైకల్యం గలవారి విభాగంలో 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించింది. ఒక ఆసుపత్రి పచ్చిక మీద మొదలైన ఆట మన తెలంగాణ పల్లె దాకా వచ్చింది.

మైదానాలు ముందు, స్టేడియాలు తరువాత

హైదరాబాదు క్రీడానగరమైనది 2003లో కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మరల స్వర్ణం తెచ్చిన జట్టూ ఆయన తీర్చిదిద్దినదే. అందులో సికింద్రాబాదు అమ్ముగూడ వాడైన తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో, 53 ఏళ్ళ వయసులో రహీం ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం ద్వారా ఆయన కథ కొత్త తరానికి తెలిసింది.

ఆయన కాలంలో నగరానికి గొప్ప స్టేడియాలు లేవు. బడి వెనుక మైదానం, పేట పేటకూ ఒక ఖాళీ నేల, పిల్లలను ఓపికతో ఆడించే ఒక మాస్టారు ఉండేవారు. పతకాలు అక్కడినుండే వచ్చాయి. నేడు స్టేడియాలు ఉన్నాయి. పేటలలో ఆ ఖాళీ నేలలు కరగిపోతున్నాయి.

మన ఊరి మాట

నలభై ఏళ్ళకు లోపు వయసులోనే మధుమేహంతో, అధిక రక్తపోటుతో వచ్చే యువకులను నా వృత్తి జీవితపు చివరి పదేళ్ళలో విశేషంగా చూశాను. వారిలో చాలామందిని "చివరిసారి ఎప్పుడు పరుగెత్తావు నాయనా?" అని అడిగితే "బడిలో సార్" అనే జవాబు వచ్చేది. "మరి ఇప్పుడు?" అంటే, "జాగ ఏది సార్?" అనేవారు. ఆ ప్రశ్నకు మందులచీటీలో జవాబు రాయలేము. రహదారి పక్కన నడుద్దామంటే లారీల పొగ. ఊరి అంచున పొలాల వైపు నడుద్దామంటే, చెరకు ఆకు తగలబెట్టే రోజులలో మరో పొగ. ఆడపిల్లలకు, గృహిణులకు సంకోచం లేకుండా నడిచే చోటు ఇంకా అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరం. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలి. వేగంగా నడవడం మధ్యస్థ వ్యాయామమే. అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం. దీనికి కావలసింది ఇంటినుండి కాలినడకన చేరగల చదునైన నేల, రాత్రి కొంత వెలుతురు, త్రాగునీరు, ఒక మరుగుదొడ్డి. ఇంతే.

కనుక నా మనవి ఇది. మీ ఊరిలో ప్రభుత్వ పాఠశాల మైదానం ఉంటే ఉదయం, సాయంత్రం దాని తలుపులు ప్రజలకు తెరిచి ఉంచమని పురపాలక సంఘానికి, బడి యాజమాన్య కమిటీకి వ్రాయండి. పదిమంది సంతకాలతో వ్రాయండి. ఆ నేలలో దుకాణాల సముదాయం కడతామనే మాట వినబడితే మౌనంగా ఉండకండి. పిల్లల ఆటల గంటను లెక్కల గంటకు ఇచ్చివేయవద్దని ఉపాధ్యాయులను అడగండి.

చివరగా ఒక హెచ్చరిక. నలభై దాటినవారు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు, పొగత్రాగేవారు ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టవద్దు. పది నిమిషాల నడకతో ఆరంభించి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. నడకలో ఛాతీ బరువు, ఎడమ చేతికి లేక దవడకు పాకే నొప్పి, అసాధారణమైన ఆయాసం, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే ఆగి వైద్యుని సంప్రదించండి. మధుమేహులు పాదాలకు సరిపడే బూట్లు తొడగండి, జేబులో కొంచెం చక్కెర ఉంచుకోండి.

ఒలింపిక్స్ అహ్మదాబాదుకు వచ్చినా, మరొక నగరానికి వచ్చినా సంతోషమే. ఆ సంవత్సరం నాటికి మన ఊరి పిల్లలకు పరుగెత్తే నేల ఉన్నదా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

సర్వే జనాః సుఖినో భవంతు.