ఏ కంటి మాట నమ్మాలి?

పచ్చంటే పచ్చే కదా, అందులో ఇదా అదా అని తేల్చుకోవడానికి వారం రోజులా! విజయవాడలోని ఆ ఇంటికి మూడోసారి వచ్చిన పెయింటింగ్ మేస్త్రి విసుగు అదే. లప్పం పెట్టడం, ప్రైమర్ వేయడం అయిపోయాయి. రంగు తేలితే రెండు రోజుల పని.

గది పెద్దాయనది. కొడుకు లేతాకుపచ్చ అన్నాడు. కోడలు పిస్తా అంది. షేడ్ కార్డులో రెండూ పక్కపక్క గళ్లే. పగలు కిటికీ దగ్గర చూస్తే ఒకదాంట్లో పసుపు ఛాయ, మరోదాంట్లో నీలం ఛాయ. రాత్రి బల్బు వెలుగులో రెండూ ఒకటే! వింతేం కాదు. మీద పడే వెలుతురును బట్టే గోడ రంగు మారిపోతుంది. పైగా కార్డు మీద లేతగా కనిపించింది నాలుగు గోడలకూ పరుచుకుంటే చిక్కబడినట్టుంటుంది. అందుకే మేస్త్రి రెండు రంగులూ గోడ మీద రెండేసి అడుగుల మేర పూసి చూపించాడు.

'మీకేది నచ్చింది మామయ్యగారూ?' అంది కోడలు. వారం రోజుల్లో ఆయన్ని అడగడం అదే మొదలు.

పెద్దాయన ఓసారి ఎడమ కన్ను మూసి చూశారు. మరోసారి కుడి కన్ను మూసి చూశారు. కుడి కంటికి నెల కిందటే శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా కాలేదు.

'దీంతో చూస్తే రెండూ వేరు. దాంతో చూస్తే రెండూ ఒకటే. ఏ కంటి మాట నమ్మమంటావమ్మా?'

వయసుతో పాటు కంట్లోని కటకం పసుపుబారుతుంది. నీలం ఛాయలు సరిగా ఆనవు. మార్పు నెమ్మదిగా వస్తుంది కాబట్టి తెలియదు. దాన్ని తీసి కొత్త కటకం అమర్చాకే... ఇన్నాళ్లూ ఏం చూడలేకపోయామో అర్థమవుతుంది.

పెద్దాయన లేచి గోడ అల్మరా తలుపు తెరిచారు. లోపల ఎండ తగలని పాత రంగు అలాగే ఉంది. భార్యతో కలిసి వేయించింది. ఎడమ కన్ను మూసుకుని చాలాసేపు చూశారు.

'ఇందులో నీలం ఉందని మీ అత్తయ్య అనేది. లేదని నేను. పోయేదాకా ఒప్పుకోలేదు' అన్నారు. కాసేపాగి, 'ఉందమ్మా' అన్నారు.

ఇంకెవరూ వాదించలేదు. పిస్తా ఖాయమైంది.

'అల్మరా లోపల కూడా వేసేయమంటారా?' డబ్బా మూత తీస్తూ అడిగాడు మేస్త్రి.

'వద్దు. అది అలాగే ఉండనీ' అన్నారు పెద్దాయన.